గ్రౌండ్‌నట్ ఊడలు

వనపర్తి నుంచి వీపనగండ్ల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో కొంగు పరుచుకుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నాకూ గుప్పెడు ఇచ్చింది. ఒక గింజ నోట్లో వేసుకున్నాను.

"తినేటందుకు కాదు సార్, ఇత్తనాలు. జర ఒలిచియ్యి," అంది.

చూస్తే ముందు సీటువాళ్లూ ఒలుస్తున్నారు. నేనూ మొదలుపెట్టాను.

"వీటిని ఇంగ్లీషుల ఏమంటరు?"

"గ్రౌండ్‌నట్. గ్రౌండంటే నేల, నట్టంటే గట్టి పెంకులో ఉండే గింజ. రెండూ కలిపి ఆ పేరు పెట్టారు."

ఆమె ఇంకో కాయ చిట్లించింది. "పేరు పెట్టినాయన చెట్లు పీకేటప్పుడు వచ్చినట్టున్నడు. పువ్వు పైన్నే పూస్తది సార్. అది వాడినంక ఊడ కిందికి దిగి భూమిల కాయ అయితది. గది చూడలే ఆయన."

వేరుశనగ అనే మన పేరూ అంతే. కాయ వేరుకు కాయదు.

"నేను గూడ ఊడలు దిగుడు చూడక శానా ఏండ్లాయె. ఇత్తనం ఏసి పుణెకు కూలికి పోతుంటిమి. ఈసారి బోరుల నీళ్లున్నయి, పోతలేము."

నేను దిగాల్సిన చోటు వచ్చింది. ఒలిచిన గింజలు ఆమె కొంగులో పోసి లేచాను.

"ఊడలు దిగేటప్పుడు రా సార్, చూపిస్త," అంది. "గట్టు మీదనే నిలబడాలె. తొక్కితే ఊడలు తెగుతయి. చేన్ల మాత్రం అడుగు పెట్టనియ్య."