చేప పడని వల

2022లో బుక్కపట్నం చెరువు నిండి, తూము నుంచి కాలువకు నీళ్లు వదిలిన రోజులవి. వలలు అల్లడం నా వృత్తి. ఒకనాడు పెనుకొండ నుంచి సౌమ్య అనే ఇంజనీరు అమ్మాయి మా ఇంటికి వచ్చి, కారులోంచి బిందెంత ఇనుప చక్రం దించింది. దాన్ని టర్బైన్ అంటారు.

"పెద్దమ్మా, సముద్రంలో నీళ్లు జోరుగా పారేచోట దీన్ని దించితే తిరుగుతాది, కరెంటు పుడతాది. బొగ్గు వద్దు, పొగ రాదు."

"మీ పెనుకొండలో సముద్రం యాడుండాది పాపా?"

"లేదనే గదా మీ కాలువకాడికొచ్చినా!" అని నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. "రెక్కలు తగిలితే చేపలు చస్తాయి. అట్లయితే దీన్ని సముద్రంలోకి దించనీరు. నేనూ దించను. నాలుగేళ్ల కష్టం ఇది. చేపలు రెక్కల దాకా పోకుండా, ముందర అడ్డంగా ఒక వల అల్లియ్యి."

వల కన్నును ఆమె మెష్ అంది. దాని కొలత కాగితం మీద రాసిచ్చింది. నేను అక్షరాలు నేర్చి అప్పటికి రెండేళ్లే. అయినా కూడబలుక్కుని చదువుకున్నాను. మూడు రోజుల్లో అల్లాను. సన్నటి నైలాన్ దారం, నీళ్లలో ఉన్నట్టే తెలియదు. ఇంత మంచి వల నేనెప్పుడూ అల్లలేదనుకున్నాను.

కాలువలో చక్రం దించాం. వైర్లకు కట్టిన బల్బు వెలిగింది. పారే నీళ్లకు దీపం వెలగడం చూసి నేను చేతులు జోడించాను. గంట తర్వాత వల ఎత్తితే, పదీ పదకొండు బొచ్చె చేపపిల్లలు మొప్పలు ఇరుక్కుని చచ్చి ఉన్నాయి.

గట్టు మీదున్న మా మరిది ఓబులేసు పగలబడి నవ్వాడు. "ఏం వదినా, అడ్డం కట్టమంటే కూరకు పట్టిస్తివే!"

సౌమ్య చక్రం పక్కనే కూలబడింది.

తప్పు నాదే. చేప కంటికి కనపడకుండా అల్లడమే మా విద్య. చేతులు అలవాటుగా అదే చేశాయి.

"లెయ్యి పాపా. చేపకు దూరం నుంచే కనపడేటట్టు, లావు నల్లదారంతో అల్లుతా. బిగించి కడదాం. వదులుగా ఉంటేనే చేప చిక్కేది."

"లావు దారం నీళ్లను ఆపుతాది పెద్దమ్మా. కరెంటు తగ్గుతాది." కరెంటు కొలిచే మీటర్ వైపు చూసింది. "తగ్గనీ. అల్లు."

రెండో వల కట్టాక బల్బు వెలుగు మందగించింది. సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నాం. చేపలు వల దాకా వచ్చి పక్కకు తిరిగి పోయాయి. ఒక్కటీ చిక్కలేదు. సముద్రంలో తాబేళ్లూ ఉంటాయని, వాటి సంగతి ఇంకా చూడాలని ఆ అమ్మాయి చెప్పింది.

అంత కష్టపడి పుట్టించిన వెలుగును చేపల కోసం తనే తగ్గించుకున్న మనిషిని ఆ రోజు చూశాను. ఇప్పుడు వల కావాలని వచ్చినవాళ్లను ఏ చేప పట్టాలని అడిగి ఊరుకోను. ఏ చేప తప్పించుకోవాలో కూడా చెప్పమంటాను.