నాన్నమ్మకు అగుపడిన ఇంగ్లీషు మాటలు

మా పాపకు యూకేజీలో ఈ వారం చెప్పే మాటలన్నీ ఎస్, హెచ్ అక్షరాలతో మొదలవుతాయి. షిప్, షెల్, షోర్, షేడ్, షార్క్. వచ్చే నెల పిల్లలు ఒక్కొక్కరే క్లాసు ముందు నిలబడి మాటలూ వాటి అర్థాలూ చెప్పాలి. మా పాప బడిలో నోరు విప్పదు. అప్పుడూ విప్పకపోతే ఇదే క్లాసులో ఇంకో ఏడాది ఉంచుతామన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, అన్నీ కలిసి పిల్ల తికమకపడుతోంది, కొన్నాళ్ళు తెలుగు మానేసి చూడండి అని టీచరు మెత్తగానే చెప్పారు. డిగ్రీ చదివినదాన్నే, ఎదురు అడగలేకపోయాను. మానేశాను. అప్పటినుంచి పాప ఇంట్లో కూడా మాటలు తగ్గించేసింది.

పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం పక్కనున్న మా లంబాలైన్‌లో ఈ వేళకి విమానాల మోత ఉండదు. ఆ ఎస్, హెచ్ మాటలు మనసులో తిరుగుతుంటే నా చిన్నప్పుడు హోప్ టౌన్‌లో మేమున్న ఇల్లు గుర్తొస్తోంది.

ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటే హార్బరు అవతల పోర్ట్ బ్లెయిర్ దీపాలు కనిపించేవి. మాకు మాత్రం సాయంత్రం కరెంటు పోయేది. నాన్నమ్మ లాంతరు పెట్టుకుని, కాళ్ళు చాపి, చేటలో నెత్తళ్ళనే చిన్న చేపల తలలు తుంపుతూ ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన మనిషి. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం మీద వేలు జరుపుతూ పాడేది. ఆ వేలు వెంటే నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. బడి హిందీ మీడియం. ఇంగ్లీషు టీచరు వారానికో అక్షరాల జంట ఇచ్చి, వాటితో మొదలయ్యే మాటలు అర్థాలతో సహా నేర్చుకు రమ్మనేవారు.

అవి అప్పజెప్పించుకునే పని నాన్నమ్మదే. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అందుకే ఆమె పద్ధతి వేరు. నేను చెప్పిన మాట ఆమెకు అగుపడాలి. అగుపడితే తల ఊపేది. లేకపోతే మళ్ళీ చేపల వంక చూసేది.

షోర్ అంటే కినారా అన్నాను ఒకసారి. ఆమె చేపల వంక చూసింది.

"కినారా ఏటే?"

"తెలుగే కదా నాన్నమ్మా. అందరూ అంటారు."

"అందరూ అంటారు, నాను అనను. మీ తాత పడవ ఎక్కడికి లాగీవోడు?"

"ఒడ్డుకి."

"మరి అదే సెప్పు."

ఆ రోజు వరకూ కినారా హిందీ మాటని నాకు తెలియదు. మా వీధి పిల్లలెవరికీ తెలియదు.

షేర్ అంటే వాటా అనగానే మాత్రం చెయ్యి ఆపేసింది. పడవకి ఇంత, వలకి ఇంత, లాగిన మనుషులకి ఇంత అని తాతగారి రోజుల్లో చేప ఎలా పంచేవారో మొదలుపెట్టింది. జ్వరమొచ్చి వేటకి రానివాడి ఇంటికి కూడా గిన్నెడు చేప వెళ్ళేదట. దాన్నీ వాటా అనే అనేవారట, ఊరికే ఇచ్చామంటే వాడు నొచ్చుకుంటాడని. బడిలో ఒక వరుసతో సరిపోయే అర్థానికి మా ఇంట్లో ఒక సాయంత్రం పట్టేది. మిగతా మాటలు మర్నాడు బడికి వెళ్ళే ఫెర్రీలో గబగబా బట్టీ పట్టేదాన్ని.

షెల్టర్‌కి డిక్షనరీలో చూసి ఆశ్రయం అని చెప్పాను. ఒప్పుకోలేదు. అది పుస్తకంలో ఉండే మాట, నాకు అగుపడలేదు అంది. నేను చాలాసేపు ఆలోచించి, గాలి లేచినప్పుడు చిన్న పడవలన్నీ మడ చెట్ల మధ్య ఉన్న కాలవలోకి దూరిపోతాయి కదా, అలాంటి చోటు అన్నాను.

"ఆఁ, ఇప్పుడగుపడింది," అంది నాన్నమ్మ. నాకూ అప్పుడే అగుపడింది.

నేను కాలేజీలో ఉండగా ఆమె పోయింది. తర్వాత చాలా ఇంగ్లీషు చదివాను గానీ, ఏ మాటకీ అంతసేపు కూర్చోలేదు.

ఈ సాయంత్రం జంగ్లీఘాట్ చేపల బజారు నుంచి నెత్తళ్ళు తెచ్చాను. వంటింట్లో నేల మీద కూర్చుని తలలు తుంపుతూ పాపను ఇంగ్లీషులోనే అడిగాను, షెల్ అంటే ఏమిటని. టీచరు రాసిచ్చిన వాక్యాన్ని పొద్దున వల్లించింది. ఇప్పుడు గోడకి ఆనుకుని పెదవి కొరుకుతూ నిలబడింది. బడిలోనూ ఇలాగే నిలబడుతుంది కాబోలు అనిపించింది. చేటలో చేపల వంక చూశాను. చూస్తూనే తెలుగులోకి వచ్చేశాను.

"నాకు ఇంగ్లీషు రాదు. నాకు అగుపడేలా సెప్పు."

పాప నా మొహంలోకి వంగి చూసింది. నవ్వింది.

"మమ్మీకి ఇంగ్లీషు రాదా?"

"రాదు."

వచ్చి నా ఎదురుగా చతికిలపడింది. "షెల్ అంటే పీత ఘర్. పీత పెద్దదైపోతే అది టైట్ అయిపోతాది. అప్పుడు బయటికొచ్చి, వేరేది వెతుక్కుని, జల్దీ జల్దీ దూరిపోతాది. నేను బీచ్‌లో చూశాను."

నేను చేపల వంక చూశాను. "ఘర్ ఏటి?"

"ఇల్లు, మమ్మీ. నీకు ఇల్లు కూడా తెలీదా?"

తల ఊపాను. ఆ తర్వాత అది ఆగలేదు. షార్క్ దగ్గర లేచి వంటిల్లంతా ఈదింది. షేడ్ అంటే స్కూల్ గేటు దగ్గర మమ్మీ నిలబడే చోటు అంది. అన్నం తినేవేళకి కూర ఇంకా పొయ్యెక్కలేదు.

క్లాసు ముందు నిలబడి ఇవన్నీ చెబుతుందో లేదో నాకు తెలియదు. ఆ భయం అలాగే ఉంది. రేపు టీచరుని కలిసి, ఇంట్లో తెలుగు మానలేమని చెబుతాను. ఏడాది ఉంచితే ఉంచనీ అనేంత ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. ఆ మాట ఎలా చెప్పాలా అని ఇందాకటినుంచి ఆలోచిస్తున్నాను.

పడుకోబెడుతుంటే పాప నా చీర కొంగు పట్టుకుని అడిగింది, "రేపు కూడా నీకు ఇంగ్లీషు రాదు కదా?"

రేపు కూడా రాదన్నాను.