ఊపిరి డబ్బా తీసేసిన ఆదివారం

దేవాది దేవునికి స్తోత్రం. నా నోట్లో మాట, నా వేళ్లలో పాట, రెండూ ఆయన పెట్టినవే. ఏదీ చెప్పకముందే ఆయన నామాన్ని స్తుతిస్తున్నాను. ఇది రాస్తున్నంతసేపూ నా గుండెలో ఉండే కోపాన్ని కూడా ఆయన పాదాల దగ్గరే పెడుతున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ని. ఫలానా చోట ఏదో కనబడిందని ఎవరైనా అంటే, ముందు జ్వరం ఉందేమో చూసుకొమ్మనేవాణ్ని. చాలా ఏళ్లు సండే స్కూలు పిల్లలకు లేఖనం నేర్పాను. ఆత్మలను పరీక్షించకుండా నమ్మకూడదని వాళ్లకు చెప్పింది నేనే. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా చేతనైనంత వరకు పరీక్షించాను.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డ ఏడాది, ఊరికే కూర్చోలేక కాలనీలో ఒక ఇంజను డ్రైవరు గారి దగ్గర గిటారు నేర్చుకున్నాను. పదమూడు, పద్నాలుగేళ్ల తరువాత మహబూబాబాద్‌లో గూడ్స్ క్లర్కుగా ఉంటూ, అక్కడి ఒక చిన్న క్రైస్తవ సహవాసంలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాణ్ని. మేము ఆ ఊరిని మానుకోట అనే అంటాం. మా సుగుణక్క నా దగ్గరే ఉండేది. బావ పోయాక రఘునాథపల్లి నుంచి వచ్చేసింది. ఆమెకు క్షయ. దవాఖానలో ఇచ్చిన గోలీలు ఏడాదిన్నర వేసుకోవాలన్నారు. అప్పటికి ఎనిమిది నెలలు అయ్యాయి. దగ్గు తగ్గింది, ఒళ్లు కూడా కాస్త పట్టింది.

నా స్నేహితుడు ఇమ్మానియేలు స్టేషను దగ్గర రేడియోలు బాగుచేసేవాడు. సికింద్రాబాద్‌లో ఒక బ్యాండువాళ్ల దగ్గర చూసి వచ్చి, పాత రేడియో భాగాలతో నాకొక డబ్బా చేసి ఇచ్చాడు. గిటారుకూ యాంప్లిఫయరుకూ మధ్య దాన్ని పెడతాం. మామూలుగా తీగె మీటితే ముందు ‘టంగ్’ మని దెబ్బ వినిపిస్తుంది, తరువాత స్వరం సన్నగిల్లుతుంది. ఈ డబ్బా ఆ దెబ్బను మింగేస్తుంది. మీటిన క్షణంలో ఏమీ వినబడదు. ఆ తరువాత స్వరం ఎక్కడి నుంచో మెల్లగా లేచి నిండుతుంది, ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. అందుకే దాన్ని ఊపిరి డబ్బా అనేవాళ్లం. దానికి ఒకటే షరతు. ఒక స్వరం పూర్తిగా ఆగాకే ఇంకోటి మీటాలి. గబగబా వాయిస్తే దాని పని సాగదు, మామూలు దెబ్బలే పడతాయి.

మా సహవాసంలో అందరూ చెప్పులు బయట విడిచి జంపఖానా మీద కూర్చుంటారు. ఇమ్మానియేలు ఆ డబ్బాను జంపఖానా కిందికి తోశాడు. “పిలగాండ్లు వైరు వట్టి గుంజుతరన్నా” అన్నాడు. నిజమేననుకున్నాను. పైనుంచి కాలి బొటనవేలితో నొక్కితే డబ్బా పనిచేసేది. ప్రార్థన వేళ అందరూ తలలు వంచి కళ్లు మూసుకుంటారు కదా, అప్పుడు మాత్రమే దాన్ని వాడేవాణ్ని.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి గూట్లో గోలీల పొట్లం దుమ్ము పట్టి కనిపించింది.

“అక్కా, గోలీలు ఏస్కుంటలేవా?”

“ఎందుకురా తమ్మీ? ప్రార్థనల స్వరం దిగింది గద. చెయ్యి తగలకుంట వచ్చే స్వరమట. ఇంటి కూడికల అయ్యగారు చెప్పిండు. నా రొమ్ములకెల్లి పోయింది, నాకు తెలుస్తనే ఉంది.”

“గది నేను వాయించిందే అక్కా.”

అక్క నవ్వింది. “నీ వేళ్లకు గంత లేదు గని, పో, కాళ్లు కడుక్కో.”

మా పాస్టరును అయ్యగారు అంటాం. వారం మధ్యలో ఆయన పెట్టే ఇంటి కూడికలకు డ్యూటీ వల్ల నేను వెళ్లలేకపోయేవాణ్ని. అక్కడ ఆయన నా గిటారు మోతను పరలోక స్వరమని బోధిస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది. నేరుగా ఇమ్మానియేలు దుకాణానికి వెళ్లాను.

“అయ్యగారికి డబ్బా సంగతి ఎరుకేనా?”

“ఎరుకే. నేనే చెప్పిన. ఎవలకు చెప్పకు, జనం విశ్వాసం పెరుగుతదన్నడు.”

“మా అక్క గోలీలు బంద్ జేసింది.”

వాడు చేతిలో పని ఆపలేదు. తల ఎత్తకుండానే, “ఎరుకే అన్నా” అన్నాడు.

“ఎన్ని దినాలసంది?”

“నెల దాటింది.”

నెల రోజులు. రోజూ సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చి, అక్క చేతి చాయ్ తాగి పోయేవాడు.

దేవుడు బాగుచేస్తాడని నేనూ నమ్ముతాను. కానీ నా బొటనవేలు బాగుచేయదు. ఆ రాత్రి అక్కకు ఎంత చెప్పినా, దేవుని పని చూసి నాకు అసూయ అంది. ఇక నిజం అందరి ముందూ చెప్పాలనుకున్నాను. మా సహవాసంలో ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఎవరు లేచినా కూర్చోమనే ఆచారం లేదు.

ఆ ఆదివారం లేచాను. జంపఖానా ఎత్తి డబ్బా బయటికి తీశాను. ఇది రేడియో భాగాలతో చేసింది, పరలోకానికీ దీనికీ సంబంధం లేదు, ఇన్నాళ్లూ వాయించింది నేను, అని చెప్పాను. వైర్లు పీకి డబ్బాను కిటికీలో పెట్టాను. గిటారు వైరును నేరుగా యాంప్లిఫయరుకు తగిలించాను. పదకొండు గంటల ఎండ, తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ఇమ్మానియేలు దూరంగా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. “ఇప్పుడు కండ్లు తెరిచి వినుండ్రి” అని తీగె మీటాను.

దెబ్బ వినబడలేదు.

తీగె కదలడం నా కళ్లతో చూశాను. గది నిశ్శబ్దంగా ఉంది. తరువాత స్వరం లేచింది, మెల్లగా, నిండుగా. నా వేలి కింద చెక్క వణికింది. మళ్లీ మీటాను, మళ్లీ అంతే. డబ్బా ఓడిపోయే పద్ధతి ఒకటి నాకు తెలుసు కనుక సందు లేకుండా గబగబా వాయించాను. ఒక్కో స్వరం విడివిడిగా, దేని ఊపిరి దానిదే అన్నట్టు, లేచి నిండింది. డబ్బా ఉన్నా అలా జరగడానికి వీల్లేదు.

ఎవరో ముసలమ్మ “స్తోత్రం” అంది. ఆ వెనుక గదంతా అంది. అక్క మోకాళ్ల మీద పడి ఏడుస్తోంది, సంతోషంతో.

జనం వెళ్లాక అయ్యగారు నా భుజం పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. “నిజం చెప్పు బిడ్డా, ఇంకో డబ్బా యాడ పెట్టినవ్?”

అదే మధ్యాహ్నం, ఖాళీ గదిలో, అదే గిటారును అదే యాంప్లిఫయరుకు తగిలించి వాయించాను. టంగ్. ఎన్నిసార్లు మీటినా టంగ్. యాంప్లిఫయరును జనగామ తీసుకెళ్లి, మేమెవరో తెలియని మెకానిక్‌తో విప్పించాను. లోపల ఏ తేడా లేదన్నాడు. ఇమ్మానియేలు పనేనేమోనని చాలాకాలం అనుమానించాను. కానీ ఆ రోజు గుమ్మం దగ్గర వాడి ముఖం నేను చూశాను. ఆ తరువాత వాడు మందిరం గడప తొక్కలేదు.

గోలీలు వేసుకొమ్మని అక్క కాళ్లు పట్టుకున్నాను. ఆమె నా తల నిమిరింది.

“నోటితోని కాదన్నవ్. చేతితోని అవునన్నవ్. నేను దేన్ని నమ్మాలె తమ్మీ?”

ఆ ఏడాది వానలు తగ్గకముందే అక్క పోయింది. చివరి వారం రక్తం కక్కుతూ కూడా స్తోత్రమే చెప్పింది.

అయ్యగారు మోసం చేశాడు, ఇమ్మానియేలు మోసం చేశాడు. వాళ్లు మనుషులు, వాళ్లను క్షమించాను. ఆ తీగె వెనుక ఉన్నదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను జీవితంలో ఒక్కసారి నిజం చెప్పడానికి నిలబడితే, నా చేతితోనే నన్ను అబద్ధికుణ్ని చేసిందెవరు? దేవుడని అనడానికి నాకు నోరు రాదు. సాతాను అంటే, ఆయన మందిరంలో, ఆయన పేరు పలుకుతున్న నోళ్ల మధ్యకు వాణ్ని రానిచ్చిందెవరు?

చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. అక్క గురించి వద్దు, ఆమె ఆయన దగ్గరే ఉంది. నా గురించి చేయండి. ఇన్నేళ్లుగా మోకాళ్లూనిన ప్రతిసారీ ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇలా అనండి: ప్రభువా, ఇతడు నిన్ను ఒక మాట అడగాలనుకుంటున్నాడు, అడగనివ్వు. జవాబు ఏదైనా, విన్న తరువాత కూడా ఇతణ్ని నీ దగ్గరే ఉండనివ్వు. ఆమేన్.