దక్షిణం చూడని దీపాలు

హెడ్‌లైట్లకి కూడా ఎల్ఈడీ బల్బులొచ్చాయన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్న మావయ్య. తెనాలి నుంచి రేపల్లె వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, "అమ్మాయ్, హెడ్‌లైటు డూము మార్చక్కర్లేదు. పాత బల్బు పీకి ఇది పెట్టుకోవడమే. రోడ్డంతా పట్టపగలే అనుకో!" అన్నాడు. ఆ రోజుల్లో వెలుగు ఎంత ఎక్కువైతే అంత పుణ్యమని నమ్మేదాన్ని. ఆ ఎక్కువ వెలుగు ఎవరి కంట్లో పడుతుందన్న ఆలోచన ఇరవై రెండేళ్ళ వయసుకి రాదు కదా.

అప్పటికి మా వ్యాను అమ్మకానికి సిద్ధంగా ఉంది. నాన్నకి కళ్ళలో శుక్లాలు ముదిరి, బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పేశారు. నేను బడి మెట్లెక్కినదాన్ని కాదు. అక్షరాలూ, ఎక్కాలూ, ఆఖరికి స్టీరింగూ నాన్నే ఇంటిదగ్గర నేర్పారు. లైసెన్సు చేతికొచ్చి నెల తిరగలేదు. "అమ్మకండి నాన్నా, నేను నడుపుతా" అని బతిమాలితే, ఆయన రెండు రోజులు ఆలోచించి, "ఆఖరి కార్తీక సోమవారం నాడు మీ అత్తయ్యనీ, వీధిలో ఆడవాళ్ళనీ సూర్యలంక సముద్రస్నానానికి తీసుకెళ్ళి తీసుకురా. దారిలో ఎవరిచేతా మాట పడకూడదు. పడ్డావా, బేరగాడికి తాళాలిచ్చేస్తా" అన్నారు. తెల్లవారుజామున, చీకట్లో ప్రయాణం. మావయ్య కబురు దేవుడే పంపాడనుకుని, తెనాలి వెళ్ళి జత బల్బులు తెచ్చుకున్నాను.

నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుండగా బిగింపు మొదలుపెట్టాను. పాత బల్బులు ఊడదీసి, ఇన్నాళ్ళూ దారి చూపించాయి కదా అని దణ్ణం పెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో దాచాను. (సాయం చేసిన వస్తువుని విసిరెయ్యడం నాకిప్పటికీ చేతకాదు.) కొత్త బల్బుకి అటొక ముఖం, ఇటొక ముఖం ఉన్నాయి. పెట్టె మీది బొమ్మలో ఆ రెండూ కుడి ఎడమలకి చూస్తున్నాయి. అలాగే పెట్టబోతుంటే వెనక నుంచి మా మేనత్త గొంతు వినబడింది. పూజలూ, మడీ, దిక్కుల విషయంలో మా ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు.

"ఆగవే! బండి తూర్పు ముఖంగా కదా ఉంది?"

"అవునత్తయ్యా."

"అయితే ఈ దీపానికి ఒక మొహం ఉత్తరం, ఇంకో మొహం దక్షిణం. దక్షిణం చూసేలా ఎవరైనా దీపం పెడతారా? నీకు నేనింకా ఎన్నేళ్ళు చెప్పాలే?"

నాకూ నిజమే అనిపించింది. బల్బుని పావు వంతు తిప్పి, ఒక ముఖం ఆకాశానికీ, ఇంకోటి భూమికీ ఉండేలా బిగించాను. (బండన్నాక అది కదులుతుందనీ, కదిలితే దిక్కులు మారతాయనీ మా ఇద్దరిలో ఒక్కరికి తట్టినా బాగుండేది.) డూము అద్దాలకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం.

సోమవారం నాలుగింటికి బయల్దేరాం. స్విచ్చి వెయ్యగానే వీధి చివర కొబ్బరిచెట్టు మొవ్వుదాకా తెల్లబడిపోయింది. "ఏం వెలుగే తల్లీ!" అని వెనక అంతా చెంపలేసుకున్నారు. దారి పొడుగునా చెట్ల మీద కొంగలు ఒకదాని తరవాత ఒకటి లేచి కూర్చున్నాయి. కొమ్మల్లో కాకిగూళ్ళు స్పష్టంగా కనబడుతున్నాయి. చక్రాల కిందికొచ్చే గుంతలు మాత్రం పడ్డాకే తెలుస్తున్నాయి. ఎదురొచ్చే బళ్ళన్నీ నన్ను చూసి లైట్లు ఆర్పి వెలిగిస్తున్నాయి. పుణ్యమాసంలో మనుషులెంత మర్యాదస్తులో అనుకుని, నేనూ లైట్లు పెంచి దించి అందరికీ ప్రతినమస్కారం చేశాను. (అది లైటు దించమని చేసే సైగ అని నాన్న ఇంకా చెప్పలేదు. మా పాఠాలన్నీ పగటిపూటే జరిగాయి.)

కర్లపాలెం ఇంకా రాకముందే ఎదురుగా ఒక చేపల వ్యాను వచ్చింది. నా ప్రతినమస్కారం అందుకుని, సరాసరి రోడ్డు దిగి, ముందు చక్రం బురదలో దించేసి ఆగిపోయింది. నాన్న బేరగాడికి తాళాలు ఇచ్చేస్తున్నట్టే కళ్ళకి కట్టింది. "ఎవరూ చూళ్ళేదు, పోనియ్యవే" అని వెనక నుంచి ఒకావిడ అన్నారు కూడా. పోనిద్దామని నాకు అనిపించలేదంటే అబద్ధం. బండి ఆపి దిగాను.

నడివయసు మనిషి, కళ్ళకి మోచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"తల్లీ, ముందా లైట్లు ఆర్పు. తిడదామన్నా మనిషి కనబడట్లేదు."

ఆర్పాను. "దెబ్బలేమైనా తగిలాయా బాబాయ్?"

"నాకేం కాలేదు, పెట్టెలు కదిలాయంతే. ఏం బిగించావమ్మా అందులో?"

దక్షిణం సంగతితో సహా అంతా చెప్పేశాను. ఆయన వ్యాను నిండా ఉన్న ఆడవాళ్ళ వైపు చూసి, "ఇంతకీ ఎక్కడికి?" అన్నాడు.

"సూర్యలంకకండి."

"బాపట్ల నుంచి సూర్యలంక ఎటుందమ్మా?"

"దక్షిణం..." అని ఆగిపోయాను.

"మరప్పుడు నీ లైట్లు రెండూ ఎటు చూస్తాయి?"

వ్యాను కిటికీలోంచి అత్తయ్య తల బయటికొచ్చింది. "స్నానానికి వెళ్ళేటప్పుడు దోషం లేదు నాయనా" అని తీర్పు చెప్పేసి, మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

ఆయన నన్ను నా బండికే ఎదురుగా నిలబెట్టి స్విచ్చి వేశాడు. రామరామ! కళ్ళు మూసుకున్నా ఆ వెలుగు ఆగలేదు. "తిప్పి సరిగ్గా పెడితే కొంచెం నయమేగానీ, పూర్తిగా కుదరదమ్మా. ఈ డూము పాత బల్బు కోసం చేసింది. దాని వెలుగైతే రోడ్డు మీదికి దించుతుంది, దీన్ని ఇలా చెదరగొడుతుంది. పాతవి ఉన్నాయా, పారేశావా?" అన్నాడు. గుడ్డమూట తెచ్చి ఇచ్చాను. డూము మీద చెయ్యి వెయ్యబోయి, కుంకుమబొట్టు చూసి ఆగాడు. తన బండి దగ్గరికెళ్ళి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళన్నీ పోసుకుని చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడొచ్చి ముట్టుకున్నాడు. గాజుకి వేలు తగలకుండా గుడ్డతోనే పట్టుకుని పాత బల్బులు బిగించాడు. అందరం దిగి ఆయన బండిని రోడ్డు మీదికి నెట్టాం. అందరికంటే గట్టిగా నెట్టింది అత్తయ్యే. ("ఎలాగూ స్నానం ముందుంది కదే" అంది, చేపల నీళ్ళు కారిన కొంగు పిండుకుంటూ.)

ఇంటికి రాగానే నాన్నకి జరిగింది జరిగినట్టు చెప్పి, తాళాలు ఆయన ముందు పెట్టాను.

"ఆ చేపలాయన బండి రోడ్డెక్కిందా?"

"ఎక్కింది నాన్నా. వెళ్ళేదాకా చూసే కదిలాం."

"ఆపి దిగినదానివి. నడపగలవులే" అని తాళాలు నా వైపు జరిపారు.

ఇప్పటికీ ఆ వ్యానే నాకు అన్నం పెడుతోంది. ఎదురుబండి కనబడగానే నా చెయ్యి దానంతటదే లైటు దించుతుంది. రోడ్డంతా నమస్కారాలు పంచుకుంటూ వెళ్ళిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ కంగారులో ఆయన పేరడగడం మరిచిపోయాను. పేరు లేకుండానే రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. మీరూ ఎప్పుడైనా దీపం వెలిగిస్తే, తాగే నీళ్ళతో చేతులు కడుక్కున్న ఆ చేపల బండి ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.