పొట్లంలో సగం కథ

బాగేపల్లిలో హనుమంతరాయ శెట్టి అంగడి ఎక్కడని అడిగితే జనం ముందు నవ్వేవాళ్ళు. "బెల్లం అడిగితే కత చెప్తాడే, ఆయప్పదా?" అని, ఆ తర్వాతే వేలెత్తి చూపించేవాళ్ళు. బెంగళూరు బస్సులు ఆగే చోటికి నాలుగు అంగళ్ళ అవతల ఉండేది అది. తండ్రి కూర్చున్న గద్దె మీద తండ్రి పోయాక తను కూర్చున్నాడు. కందిపప్పు, చింతపండు, మిరపకాయలు, బెల్లం, వక్కలు. చూసేవాళ్ళకు అంతకంటే ఏమీ కనిపించదు.

చదివింది కన్నడ బడిలో, లోయర్ సెకండరీ దాకా. తెలుగు అక్షరాలు మాత్రం తల్లి నేర్పింది, చాటలో రాగిపిండి పరిచి అందులో వేలు పెట్టి దిద్దించి. ఆ అక్షరాలు ఎందుకు పనికొస్తాయో ఆమెకూ తెలియదు, అతనికీ తెలియదు. గద్దె మీద కూర్చున్నాకే తెలిసింది. పొట్లాలు కట్టడానికి చింతామణి నుంచి సరుకుతో పాటు పాత పత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. అందులో సగం మద్రాసు తెలుగు వారపత్రికలే. చించే ముందు ఒక్క పేజీ చదువుదామని మొదలుపెట్టాడు. ఇక అంతే, కోతికి కొబ్బరికాయ దొరికింది.

చిక్కేమిటంటే, ఆ కట్టల్లో ఏ కథా పూర్తిగా దొరికేది కాదు. తల ఉంటే కాళ్ళుండవు, కాళ్ళుంటే తల ఉండదు. పిల్ల రైలెక్కుతుంది, ఎక్కడ దిగిందో తెలియదు. హనుమంతరాయ ఊరుకునే మనిషి కాడు. చింతపండు తూస్తూ తూస్తూ మిగతా కథ తనే అల్లేవాడు, ఎదురుగా ఉన్న గిరాకీకి చెప్పేవాడు. త్రాసు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటే, "ముందు తూకం చూడప్పా, పిల్లను తర్వాత దించుదువు" అని వాళ్ళు విసుక్కునేవాళ్ళు.

ఇలా ఉండగా యాభై నాలుగులో ఒకరోజు, రెండు మైళ్ళ అవతలి పల్లె నుంచి చెన్నరాయప్ప అనే సేద్యగాడు వచ్చాడు. తలగుడ్డ, మోకాళ్ళ దాకా దుమ్ము, చేతిలో మడతలు చక్కగా సాపు చేసిన ఒక పొట్లం కాగితం.

"శెట్టీ, పోయిన వారం బెల్లం కట్టిచ్చినావే, ఈ కాగితం. దీని మిగతా సగం ఉండాదా?"

ఏ గిరాకీ కోసమూ గద్దె దిగని హనుమంతరాయ ఆరోజు దిగాడు. ఇద్దరూ కలిసి కట్టలన్నీ విప్పి వెతికారు. దొరకలేదు. "పోనీలే, నేను చెప్తా ఇను" అని శెట్టి తన ముగింపు చెప్పాడు. "అట్ల కాదప్పా, ఆ మనిషి అట్ల చేసేవాడు కాదు" అని చెన్నరాయప్ప తన ముగింపు చెప్పాడు. దీపాలు పెట్టే వేళ దాకా వాదించుకున్నారు. హనుమంతరాయ భార్య వనజమ్మ లోపలి నుంచి రెండుసార్లు వచ్చి చూసి, ఏదో పొలం తగాదా అనుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ రాయడం మొదలుపెట్టారు. రాసినవాళ్ళు ఊరుకుంటారా, మద్రాసుకు పంపడం మొదలుపెట్టారు. కవరులో కథ, తిరుగు టపాకు స్టాంపులు. ఆ స్టాంపులు మాత్రం ఎన్నడూ వృథా కాలేదు. నెలకో రెండు నెలలకో కథ ఇల్లు చేరేది, వెంట ఒక అచ్చు చీటీ: 'మీ రచనను ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.' చెన్నరాయప్ప ఆ చీటీని తిప్పి తిప్పి చూసి, "అంత చింత పడేటోళ్ళు వేసుకుంటే సరిపోతాది కదప్పా" అనేవాడు.

ఆ దెబ్బకు మందు కూడా వాళ్ళే కనిపెట్టుకున్నారు. ఎవరి కథ తిరిగొస్తే వాళ్ళకు రెండోవాళ్ళు సీనప్ప హోటల్లో వడలు, కాఫీ ఇప్పించాలి. తిరిగొచ్చినవాడు జేబులో చెయ్యి పెట్టకూడదు. వడ తినేటప్పుడు కథలో బాగున్న చోట్లు మాత్రమే మాట్లాడాలి, బాగాలేనివి మరునాటికి. నాలుగేళ్ళలో ఇద్దరూ చాలా వడలే తిన్నారు. సీనప్పకు కథల సంగతి పట్టకపోయినా మద్రాసు టపా అంటే మహా గౌరవం ఏర్పడింది.

హనుమంతరాయవి తొమ్మిది కథలు అలా తిరిగొచ్చాయి. అన్నింటినీ ట్రంకుపెట్టెలో బట్టల అడుగున భద్రంగా దాచుకున్నాడు. బాధ ఉండేది, లేదని ఎందుకనాలి? అయితే వడతో పాటు సాయంత్రానికి దిగిపోయేది. ఎందుకంటే అతనికి ఒక సంగతి లోపల బాగా తెలుసు. తనకంటే చెన్నరాయప్ప బాగా రాస్తాడు. తనది సరదా, అతనిది ఆకలి. ఆ మాట తలుచుకుంటే అసూయ కూడా రవ్వంత కలిగేది, కానీ అంతకు పదింతలు సంతోషం కలిగేది. అలాంటివాడు తన అంగట్లో వేరుసెనక్కాయల మూట మీద కూర్చుని కథ చదివి వినిపిస్తున్నాడని.

యాభై ఎనిమిదిలో చెన్నరాయప్ప బావి కథ రాశాడు. మాటలు లేని అన్నదమ్ములిద్దరు, నడుమ గట్టు. ఇద్దరూ ఎవరి చేలో వాళ్ళు బావి తవ్వుతారు. నీళ్ళు తమ్ముడి బావిలో పడతాయి. చదివి వినిపిస్తుంటే హనుమంతరాయ ఒక గిరాకీకి మిరపకాయలకు బదులు చింతపండు కట్టిచ్చాడు.

ఆ కథ ఆరుసార్లు మద్రాసు వెళ్ళి ఆరుసార్లూ వచ్చింది. తిరిగొచ్చినప్పుడల్లా మడతలు పోవాలని, ఇంకో పత్రికవాళ్ళకు అది తిరిగొచ్చిన సరుకని తెలియకూడదని, హనుమంతరాయ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి కాగితాలను సాపు చేసేవాడు. పెళ్ళికూతుర్ని మళ్ళీ మళ్ళీ ముస్తాబు చేస్తున్నట్టు ఉండేది ఆ పని. ప్రతి అంటే ఆ ఒక్కటే, పన్నెండు పేజీలు.

ఆరోసారి కవరు వచ్చిన రోజు చెన్నరాయప్ప దాన్ని విప్పను కూడా విప్పలేదు. గద్దె మీద పడేశాడు.

"పొట్లాలకు పనికొస్తాది, ఉంచుకో."

"పదప్పా, సీనప్ప వడలు వేస్తాండాడు."

"నాకొద్దు శెట్టీ. ఇంక చాలు. మడికాడ పని ఉండాది."

వడ వద్దన్నాడు! నాలుగేళ్ళలో అదే మొదటిసారి. హనుమంతరాయ గుండెలో రాయి పడింది. అతను రాయడం మానేస్తే ఈ అంగట్లో మిగిలేది బెల్లం, చింతపండు, తను. ఆ మూడింటిలో ఏదీ అలాంటి కథ రాయలేదు. అలవాటు కొద్దీ కవరు విప్పి, కాగితాలు సాపు చేసి, వెనక అలమారులో చింతపండు తట్ట పక్కన పెట్టాడు. నాలుగు రోజులు పోనిచ్చి మెల్లగా నచ్చజెబుదామనుకున్నాడు.

సంత రోజు వచ్చింది. చింతామణి నుంచి సరుకు వస్తుందని వనజమ్మను గద్దె మీద కూర్చోబెట్టి అతను బస్సు దగ్గరికి వెళ్ళాడు. సంత జనం విరగబడ్డారు. పొట్లం కాగితాలు అయిపోయాయి. వనజమ్మ అటూ ఇటూ చూసింది. వెనక అలమారులో కాగితాలు కనిపించాయి. ఒక పక్కన తెల్లగా, సాపుగా, పొట్లాలకోసమే చేసినట్టున్నాయి.

హనుమంతరాయ తిరిగొచ్చేసరికి పన్నెండు పేజీల్లో మూడు మిగిలాయి. అతను తల పట్టుకుని కూలబడ్డాడు.

"నాకేం తెల్సు, కాగితాల్లో కాగితం అనుకుంటి" అంది వనజమ్మ. "అంత ముఖ్యమైనది చింతపండు పక్కన పెడతారా ఎవురైనా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, అదే అతనికి మరీ కష్టంగా ఉంది. ఆ వారమంతా అన్నం సహించలేదు. ఎలా చెప్పాలి? 'నువ్వు పొట్లాలకు అన్నావు, అలాగే కట్టేశాం' అనా? చెబితే అతను కలం ముట్టడు. చెప్పకపోతే తను స్నేహితుడు కాడు. రెండు మైళ్ళ దూరం వెళ్ళి చెప్పడానికి కాళ్ళు రాక, సంత రోజున అతనే వస్తాడు కదా అని వాయిదా వేశాడు.

ఆ సంత రోజున చెన్నరాయప్ప వచ్చాడు. ముక్తసరిగా "అరసేరు బెల్లం" అన్నాడు, ఎవరో కొత్త గిరాకీలాగ. హనుమంతరాయ గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచేలోగా వెనక నుంచి ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చౌడమ్మ, కొండ పక్క పల్లెటూరి మనిషి. చెంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. దాని మీద మిరపపొడి మరకలు.

"శెట్టప్పా, పోయిన సంతలో మీ ఇంటామె మిరపకాయలు కట్టిచ్చింది దీంట్లో. మా కోడలు హిందూపురం పిల్ల, తెలుగు బళ్ళో చదివింది. అది చదివి ఇనిపించింది. మా ఇంట్లో వారంనుంచి దీని మీదే పంచాయితీ. మిగతా సగం ఉండాదా?"

చెన్నరాయప్ప ఆ కాగితం వైపు చూశాడు. తన చేతిరాత తను గుర్తు పట్టడానికి ఎంతసేపు?

"చెన్నరాయప్పా, నేను చెప్దామనే…" అన్నాడు హనుమంతరాయ. "నేను లేనప్పుడు జరిగిపోయింది. తప్పు నాదే, యాడ పడితే ఆడ పెట్టినా."

చౌడమ్మకు వీళ్ళ గోల పట్టలేదు.

"పెద్దోడు తెల్లారక ముందే ఉత్త కడవ ఎత్తుకొని తమ్ముడి ఇంటికి పోయినాడు. తమ్ముడి పెండ్లాము తలుపు తీసింది. ఆడికి కాగితం అయిపోయింది. తీసి ఏమనింది? అది చెప్పండప్పా ఎవురైనా, నిద్ర పట్టలేదు నాకు!"

హనుమంతరాయ మిగిలిన మూడు పేజీలూ తిరగేశాడు. అవి వేరే చోటువి. చెన్నరాయప్ప మెల్లగా మూట మీద కూర్చున్నాడు.

"తలుపు మూసేసింది" అన్నాడు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"నేనే రాసినా, అమ్మా."

చౌడమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. గౌరవమేమీ కనిపించలేదు ఆ చూపులో.

"అట్లయితే తప్పు రాసినావు. ఆ యమ్మ తలుపు మూస్తాదా? మొగోళ్ళు పదేండ్లు మాట్లాడుకోకున్నా, కడవ ఎత్తుకొని వాకిట్లోకొచ్చినోనికి ఆడది నీళ్ళు ఇయ్యకుండా ఉంటాదా? ఇస్తాది. ఊరికే ఇయ్యదు. పదేండ్ల తిట్లూ తిడతాది. నింపతా తిడతాది, తిడతా నింపతాది. కడవ నిండేలోపల తిట్లు అయిపోతాయి."

అంగట్లో ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు "అవునమ్మా, అట్లనే" అన్నారు. వనజమ్మ తలుపు చాటునుంచి, "నేనైతే కడవ నిండినా తిట్టడం ఆపను" అంది. చెన్నరాయప్ప తల వంచుకుని కూర్చున్నాడు. కోపమొచ్చిందేమోనని హనుమంతరాయ భయపడ్డాడు. కాసేపటికి అతను తలెత్తితే కళ్ళల్లో నీళ్ళున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"శెట్టీ, ఒక కాగితం ఇయ్యప్పా. మరిచిపోయేలోపల రాసుకోవాల."

హనుమంతరాయ తన కథల కోసం దాచుకున్న తెల్లకాగితాల దస్తా మొత్తం తీసి అతని ఒళ్ళో పెట్టాడు. ఆ క్షణంలో అతనికి కలిగిన సుఖం ఎప్పుడూ ఏ బేరంలోనూ కలగలేదు.

చెన్నరాయప్ప ఆ కథంతా మొదటినుంచి మళ్ళీ రాశాడు. రెండేళ్ళకు అది అచ్చయింది కూడా. అయితే స్నేహితులిద్దరూ తర్వాత ఎవరికి చెప్పినా అచ్చు సంగతి చివర్లో ఒక్క ముక్కలో చెప్పి, చౌడమ్మ సంగతే వివరంగా చెప్పేవాళ్ళు.

అసలు ముచ్చట ఇంకొకటుంది. మనిషికి ఆశ ఊరుకోనివ్వదు కదా. ఆరోజు చౌడమ్మకు పప్పు, బెల్లం, మిరపకాయలు కట్టాల్సి వచ్చినప్పుడు హనుమంతరాయ "ఉండమ్మా" అని లోపలికి వెళ్ళాడు. ట్రంకుపెట్టె తెరిచి, తన తొమ్మిది కథల్లో తనకు బాగా ఇష్టమైనదాన్ని తీశాడు. మద్రాసు బంగళాలో ఒక జమీందారు కూతురి విరహం. మొదటి మూడు పేజీల్లో మూడు పొట్లాలూ కట్టాడు. మిగతా పేజీలు గద్దె కింద సిద్ధంగా పెట్టుకున్నాడు.

వారం రోజులూ లెక్కపెట్టుకుంటూ గడిపాడు. సంత రోజు పొద్దున్నే తలకు నూనె రాసుకుని దువ్వుకున్నాడు. చెన్నరాయప్ప మూట మీద కూర్చుని బావి కథ రాసుకుంటున్నాడు. మధ్యాహ్నానికి చౌడమ్మ వచ్చింది. ఉప్పు అడిగింది. చింతపండు అడిగింది. ఇంకేమీ అడగలేదు. హనుమంతరాయ ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, పోయిన తూరి కాగితాలు కోడలు చదివిందా?"

"చదివిందప్పా. రెండో కాగితానికే దానికి ఆవులింతలొచ్చినాయి. నాకూ వచ్చినాయి. ఆ పిల్ల మూడు కాగితాలూ ఏడుస్తానే ఉండాది కదా, ఆ ఇంట్లో వంట ఎవురు చేస్తాండారు?" చౌడమ్మ చింతపండు చెంగున కట్టుకుంది. "దానికంటే నువ్వు బెల్లం తూస్తా చెప్పే కతలే బాగుంటాయి శెట్టప్పా."

అని వెళ్ళిపోయింది. హనుమంతరాయకు చురుక్కుమంది, అబద్ధమెందుకు. తొమ్మిదిసార్లు మద్రాసువాళ్ళు చింతించారు గానీ ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. ఈమె మొహం మీదే చెప్పేసింది. నిజమే, వంట ఎవరు చేస్తున్నారు? ఆ బంగళాలో వంటిల్లు ఎక్కడుందో కూడా అతను ఆలోచించలేదు. ముందు మూతి ముడుచుకున్నాడు, తర్వాత నవ్వు ఆగలేదు.

చెన్నరాయప్ప కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. కాగితాలు సర్ది, మూట మీదినుంచి లేచి తలగుడ్డ దులుపుకున్నాడు.

"నీ కత తిరిగొచ్చినట్టే కదప్పా. లెయ్యి, వడలు నేను ఇప్పిస్తా."

సంత జనం మధ్యలో, త్రాసును వనజమ్మకు అప్పగించి, హనుమంతరాయ గద్దె దిగాడు.