కైలాసం మీటల ఫోను

మరమగ్గాల మధ్య ముప్పై ఏళ్ళు నిలబడితే చెవులు మాత్రం ఏం చేస్తాయి? సిరిసిల్ల కైలాసానికి యాభై నిండకముందే వినికిడి చాలావరకు పోయింది. అందుకే కరీంనగర్‌లో నర్సు చదువు చదివే కూతురు నర్మద, మెసేజులు రాసుకొమ్మని పాత ఫోనొకటి కొనిచ్చింది. పైన తాకే తెర, పక్కకు జరిపితే కింద మీటలు.

తెరకూ ఆయనకూ పడలేదు. పోగులు ముడేసి ముడేసి మొద్దుబారిన వేళ్ళను ఆ అద్దం లెక్కచేసేదే కాదు. మీటలు మాత్రం బంగారం. ఎనిమిది మగ్గాల మధ్య తిరుగుతూ, చూడకుండానే ఇంగ్లీషు అక్షరాల్లో "తిన్నవా బిడ్డా" అని కొట్టేవాడు. చార్జింగు మధ్యాహ్నం దాకా ఆగితే గొప్ప. ఎవరైనా తెలుగు అక్షరాల్లో రాస్తే అన్నీ ఖాళీ డబ్బాలే కనిపించేవి. "తెలుగోని చేతిల తెలుగు రాని ఫోను" అని పక్క మగ్గాల పరశురాములు నవ్వేవాడు.

ఆ వానాకాలం కైలాసం భార్య పద్మలతను గర్భసంచి ఆపరేషనుకని కరీంనగర్‌లో చేర్పించారు. నర్మద తోడుంది. ఆపరేషను గురువారం. బుధవారం పని ముగించుకొని, మర్నాడు తెల్లారే బస్సెక్కుదామని కైలాసం అనుకున్నాడు.

బుధవారం పొద్దున బిడ్డ నెంబరు నుంచి మెసేజు వచ్చింది. మూడు వరుసల డబ్బాలు. ఏమైందని అడుగుదామని మీటలు బయటికి జరిపాడు. అంతలో రెండు మగ్గాల మీద ఒక్కసారే పోగులు తెగాయి. చెయ్యి తగిలి పోయుంటుంది, అవసరమైతే మళ్ళీ పెడుతుందిలే అనుకొని ఫోను జేబులో వేసుకున్నాడు.

మళ్ళీ రాలేదు. గురువారం ఆయన చేరేసరికి పద్మలతను లోపలికి తీసుకుపోయారు. ఆమె ప్రాణాలతో బయటికి రాలేదు.

పదకొండో రోజు, చుట్టాలంతా వెళ్ళాక, కైలాసం కూతురిని వాళ్ళమ్మ గురించి అడిగాడు.

"అవ్వ నన్ను యాది చేసిందా బిడ్డా?"

నర్మద తన ఫోను తెరిచి ఆయన చేతిలో పెట్టింది. పద్మలతకు ఇంగ్లీషు అక్షరాలు రావు. బుధవారం కూతురు మందులకు పోయినప్పుడు, మంచం దగ్గర వదిలిన ఆ ఫోనులో తనకొచ్చిన తెలుగులోనే రాసి పంపింది.

'నాకు భయమైతంది. ఇయ్యాల్నే రా. జర పక్కన కూసో.'

"అవ్వ పంపినట్టు నాకు నిన్ననే తెలిసింది బాపూ," నర్మద ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "ఆ దినమంతా వాకిలి దిక్కే సూసింది. ఎందుకో నాకు తెల్వలే. నీ ఫోన్ల డబ్బాలు పడ్డయి కావచ్చు. నీ తప్పేం లేదు."

తప్పును ఫోను మీద నెట్టేయడానికి బిడ్డే దారి చూపింది. ఆ దారిన పోవడానికి కైలాసానికి మనసు రాలేదు.

"డబ్బాలు సూసిన బిడ్డా," అన్నాడు. "ఏందని అడగలే."