మొదటి అడుగు చూడని ఆయా

ఆ క్రెష్ ఆయా కళ్లు మహా చురుకు. ఎవడు ఏ బొమ్మ నోట్లో పెట్టుకున్నాడో వెనక్కి తిరక్కుండానే కనిపెడుతుంది. పసివాళ్ల మొదటి అడుగు మాత్రం ఇంతవరకూ ఆమె కంట పడలేదట. ఎవరైనా గోడ వదిలి నడిస్తే గభాల్న చంకనేసుకుంటుంది. సాయంత్రం తల్లికి అప్పగిస్తూ, “ఇవాళో రేపో నడిచేస్తాడమ్మా, ఇంట్లో కనిపెట్టుకుని ఉండండి” అంటుంది.

మొన్న పొద్దున ఓ తల్లి పిల్లాడితో పరుగున వచ్చి ఫోనులో వీడియో చూపించింది. “రాత్రే ఆయమ్మా, మొట్టమొదటి అడుగు!”

ఆయా బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “అమ్మో, నిజంగానే!”

ఈలోగా వాడు తల్లి చెయ్యి విడిపించుకుని, బాగా అలవాటైన దారిన గదంతా దాటి, బల్ల దగ్గర మలుపు తిరిగి, బొమ్మల బుట్ట దగ్గరికి చక్కాపోయాడు.

తల్లి నోరెళ్లబెట్టింది.

“మెల్లిగారా నాయనా!” కేకేసింది ఆయా. “రాత్రే కదా నేర్చుకున్నావు!”